హెల్మెట్ పట్టుకుని బస్సెక్కిన బుల్లెట్ సారు

కొత్త ఉద్యోగం, కొత్త బండి, కొత్త మీసం మూడూ ఒకేసారి వచ్చిన ఆ రోజుల్లో నేను జగ్గయ్యపేట వీధుల్లో ఒక మనిషిని, హైవే మీద ఇంకో మనిషిని. వీధుల్లో అయితే నన్ను పట్టుకునేవాడు లేడు. కూరగాయల బజారు మలుపులో ఒంటి చేత్తో బండి తిప్పేవాడిని, తెలిసినవాళ్ళు ఎదురైతే అవసరం లేకపోయినా ఓ హారన్ కొట్టేవాడిని. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కేసరికి మాత్రం నాకు తెలిసిన దేవుళ్ళందరూ వరసగా గుర్తుకొచ్చేవారు. లారీ పక్క నుంచి పోతే దాని గాలి ముందు మనల్ని అవతలికి తోస్తుంది, మరుక్షణం తనవైపు లాక్కుంటుంది. (తోలినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, తోలనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు.) మొట్టమొదటి రోజు అలాంటి గాలి ఒక్కటి తగలగానే నేను బండితో సహా రోడ్డు దిగి, తుమ్మ చెట్ల మధ్యకి పోయి, అక్కడ చాలాసేపు ప్రకృతిని పరిశీలించి వచ్చాను.

నా ఉద్యోగం నందిగామలో, ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా. అంటే పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా నేను చెప్పేది వేగం, త్వరణం, గమనం. పుస్తకంలో ఎదురెదురుగా వచ్చే లారీల లెక్క ఉంటే వాటిని రైళ్ళుగా మార్చి చెప్పేవాడిని. రోజూ బండి మీద వెళ్ళి వస్తానన్న మాట మీదే నాన్న బండి కొనిపెట్టారు కాబట్టి, ఇంట్లో భయం సంగతి ఎత్తే ధైర్యం లేదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాను. చిల్లకల్లు దాకా బండి మీద వెళ్ళడం, అక్కడొక టీ కొట్టు పక్కన దాన్ని పెట్టి తాళం వేయడం, నందిగామ బస్సెక్కడం. హెల్మెట్ మాత్రం నాతోనే వచ్చేది. కాలేజీకి ముందున్న సందు మలుపులో దాన్ని తలకి పెట్టుకుని, గేటు దాటాక పిల్లలందరూ చూస్తుండగా తీసి, జుట్టు వెనక్కి తోసుకుంటూ లోపలికి నడిచేవాడిని. పిల్లలు నాకు 'బుల్లెట్ సారు' అని పేరు పెట్టారు. నాది వంద సీసీ బండి, అదీ ఆ సమయానికి టీ కొట్టు పక్కన నీడలో ఉండేది. బస్సులో మాత్రం హెల్మెట్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. ఒకరోజు కండక్టర్ టికెట్ కొట్టి, హెల్మెట్ వంక చూసి, "ఏం సారూ, మా డ్రైవర్ మీద ఆ మాత్రం నమ్మకం లేదా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా బాగుండదు కదా.

ఇలా సాగుతుండగా మా నాయనమ్మ కంటి ఆపరేషన్ రోజు వచ్చింది. ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. తలుపు మీద ఆరేసిన నాన్న లుంగీని చూసి "అన్నం తిన్నావట్రా?" అని అడిగే స్థితి. నందిగామలో ఒక చిన్న కంటి ఆసుపత్రికి నెలకోసారి బెజవాడ నుంచి పెద్ద డాక్టరు వస్తాడు. ఎన్నాళ్ళో ఎదురుచూస్తే ఆ తేదీ దొరికింది. తొమ్మిదిలోపు రావాలి, తోడు మనిషి తప్పకుండా ఉండాలి, లేకపోతే ఆపరేషన్ చేయం అని ముందే చెప్పారు. సరిగ్గా ఆ ముందురోజు అమ్మానాన్నలు వీరులపాడులో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళారు. తోడు మనిషిని నేనే. మాకేం, బస్సులో హాయిగా వెళ్తాం అనుకున్నాను. పొద్దున్నే బస్టాండుకి వెళ్ళి చూస్తే బస్సుల్లేవు. ఎక్కడో పెద్ద సభట, ఉన్న బస్సులన్నీ జనాన్ని ఎక్కించుకుని అటే పోయాయి. ఆటోలు కూడా అటే. ఇంటికొచ్చి నాయనమ్మతో ఆ మాటే చెప్పాను.

"అయితే ఏమైందిరా? నీకు బండుందిగా. రోజూ పోయేదేగా నందిగామ. పద," అంది.

రోజూ పోయేదేగా అన్న మాట నాకు ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది. చలిగా ఉందన్నాను. అప్పటికే శాలువా కప్పుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చునుంది. దుమ్ము అన్నాను. "దుమ్ము కంట్లో పడితే మాత్రం ఇంకేం పాడవుద్దిరా దీనికి?" అంది. చివరికి సిగ్గు విడిచి, వచ్చే నెలకి మార్పించుకుందామా అని అడిగాను.

"వచ్చే నెలా? మొన్న ఉప్పనుకుని పప్పులో పంచదార వేశాను. మీరంతా నోరెత్తకుండా తిన్నారు. నాకు తెలియలేదనుకున్నారు." ఒళ్ళో సంచిని దగ్గరికి లాక్కుంది. "ఇంకో నెల ఇట్టా ఉండలేనురా."

ఇంక మాట్లాడటానికేముంది? నాయనమ్మని వెనక ఎక్కించుకుని బయలుదేరాను. చిల్లకల్లు దాకా మామూలుగానే వచ్చాం. రోజూ బండి పెట్టే టీ కొట్టు దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ నా చెయ్యి బ్రేకు మీదకి పోయింది, బలవంతంగా తీశాను. టోల్‌గేటు దగ్గర పక్క దారిలోంచి దాటాక, అప్పటిదాకా గేటు దగ్గర ఆగి ఉన్న లారీలన్నీ ఒక్కసారి తాళ్ళు తెంచుకున్నట్టు వెనక నుంచి రావడం మొదలుపెట్టాయి. నేను రోడ్డు అంచున తెల్లగీతకి అవతల, ఎంత నెమ్మదిగా పోతే బండి పడిపోకుండా ఉంటుందో అంత నెమ్మదిగా పోతున్నాను. కాసేపటికి నాయనమ్మ నా భుజం తట్టింది.

"ఏంట్రా, ఆగామా?"

"లేదు నాయనమ్మా, వెళ్తున్నాం."

"ఎటు?"

నేను జవాబు చెప్పేలోపు ఒక సిమెంటు లారీ రాసుకున్నట్టు పోయింది. బండి ఇటూ అటూ ఊగింది, నా ప్రాణం ఎటు పోయిందో తెలియదు. వెనక నుంచి నాయనమ్మ సంతోషంగా, "అబ్బ, ఎంత చల్లగాలిరా! చెరువు పక్కన పోతున్నామా?" అంది. ఆ వెనకే మూడు లారీలు వరసగా, మూడూ హారన్ కొడుతూ వచ్చాయి. అంతే, మట్టిలోకి దిగిపోయి బండి ఆపేశాను. "వచ్చేశామా?" అని అడిగింది నాయనమ్మ. ఆ మసక కళ్ళ ముందు అబద్ధం ఆడటం చాలా తేలిక. కానీ ఆ పని కూడా నా వల్ల కాలేదు. "నాకు భయంగా ఉంది నాయనమ్మా. నేను ఈ రోడ్డు మీద ఎప్పుడూ నందిగామ దాకా బండి తోలలేదు. రోజూ బస్సులోనే వెళ్తున్నా," అని చెప్పేశాను.

ఓదారుస్తుందనుకున్నాను. సినిమాల్లో అయితే ఓదారుస్తారు.

"ఈ ముక్క నిన్న చెప్పడానికి నోరు పడిపోయిందా? నిన్న సాయంత్రం మీ అమ్మానాన్నలతోనే నందిగామ దాకా పోయి, మనవాళ్ళింట్లో పడుకునేదాన్ని కదరా!" అంటూ దిగి, సంచి చంకలో పెట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి నాయనమ్మా?"

"నందిగామ."

"చాలా దూరం నాయనమ్మా."

"నువ్వు తోలిన దానికీ నేను నడిచేదానికీ పెద్ద తేడా ఏం లేదులే."

"అది కాదు నాయనమ్మా, అటు మన జగ్గయ్యపేట. నందిగామ ఇటు."

ఆవిడ ఒక్క క్షణం ఆగి, తన మర్యాదకి ఏ లోటూ రాకుండా వెనక్కి తిరిగి, నన్ను దాటుకుని నడిచింది. ఆవిడ పక్కనే ఫస్ట్ గేరులో, రెండు కాళ్ళూ నేలకి ఈడ్చుకుంటూ నేను. మనవడు బండి మీద, కళ్ళు కనపడని ముసలావిడ నడిచి. దారిన పోయే ప్రతివాడూ మావైపు తల తిప్పి మరీ చూశాడు. ఒకాయన కారు నెమ్మది చేసి నన్ను తిట్టి వెళ్ళాడు. తిట్టదగిన విషయమే.

ఆ తర్వాత ఆగిన కారులోంచి మా కాలేజీ కెమిస్ట్రీ మాస్టారు దిగారు. పేటలో ఏదో పెళ్ళి చూసుకుని తిరిగి వస్తున్నారట. "ఏంటండి బుల్లెట్ సారూ, బండి ఆగిపోయిందా?" అన్నారు. అవును, పెట్రోలు, ప్లగ్గు అని నేను రెండు అబద్ధాలు ఒకేసారి మొదలుపెట్టాను. నాయనమ్మ గొంతు వచ్చినవైపు తిరిగి, "బండి బాగానే ఉంది నాయనా. మావాడికే ఈ రోడ్డంటే భయమంట. రోజూ బస్సులోనే పోతన్నాడంట," అని చెప్పింది. మాస్టారు నన్ను చూశారు, హెల్మెట్‌ని చూశారు. "అంటే రోజూ ఆ హెల్మెట్..." అని మొదలుపెట్టి, మంచి మనిషి కాబట్టి మధ్యలో ఆపేశారు. నవ్వి ఉంటే బాగుండేది. ఆ ఆపడం ఇప్పటికీ నాకు గుర్తుంది. ఆవిడని కారులో ఎక్కించుకుని, "ఆసుపత్రి దగ్గర దించేసి నేను క్లాసుకి పోవాలండి. తోడు మనిషి మీరేగా, బండిని ఇక్కడ వదలకుండా మెల్లగా వచ్చెయ్యండి," అని వెళ్ళిపోయారు.

రోడ్డు మీద ఒక్కణ్ణే మిగిలాను. నిజం చెప్పాలంటే ఇంటికి వెళ్ళిపోవాలని కూడా అనిపించింది. కానీ నర్సు "తోడు ఎవరు?" అని అడగడం, నాయనమ్మ కనపడని గుమ్మంవైపు తిరిగి చూడటం కళ్ళ ముందు మెదిలాయి. బండి ఎక్కాను. నవాబుపేట దాటేదాకా పళ్ళు బిగబట్టి తోలుతున్నాను కానీ, అక్కడ ఒక ట్రాక్టర్ అడ్డం వచ్చింది. ట్రక్కు నిండా మిరపకాయ కోతలకి పోయే ఆడవాళ్ళు. వెనక అంచున కూర్చున్నవాళ్ళందరి ముఖాలూ నావైపే. ట్రాక్టర్‌ని దాటాలంటే కుడివైపుకి రావాలి, అటు లారీలు. దాటకపోతే తొమ్మిదికి చేరను. నేను దాని వెనకే పోతూ ఉన్నాను, వాళ్ళు నన్నే చూస్తూ ఉన్నారు. చివరికి తలకి తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ ఉండబట్టలేక అడిగింది.

"ఏం అబ్బాయ్, మాతోపాటు కోతకొస్తున్నావా?"

ట్రక్కంతా ఘొల్లుమంది. నేను హెల్మెట్ అద్దం దించుకున్నాను. "లారీలొస్తున్నాయమ్మా," అని అరిచాను. గొంతు కీచుగా వచ్చింది. అది విన్నాక ఆవిడ నవ్వడం మానేసింది. పక్కావిడ భుజం పట్టుకుని సగం లేచి నిలబడి, నా వెనక రోడ్డు చూసింది. "ఆగాగు, నల్ల కారొకటొస్తంది. పోనీ దాన్ని. ఇంకా ఆగు, లారీ." కారు పోయింది, లారీ పోయింది. "ఇప్పుడు రా! వెనక ఏం రావట్లా, రా అయ్యా, రా!" ట్రక్కులో ఉన్నవాళ్ళందరూ చేతులూపుతూ రా రా అంటున్నారు. నేను కుడికి తిప్పి, జీవితంలో మొదటిసారి యాక్సిలరేటర్ గట్టిగా తిప్పాను. ట్రాక్టర్ పెద్ద చక్రం, డ్రైవర్ మోకాలు, సైలెన్సర్ పొగ పక్క నుంచి పోయాయి, ఆపైన ముందు ఖాళీ రోడ్డు. వెనక నుంచి ఈలలు, కేకలు. చెయ్యెత్తి దణ్ణం పెడదామనుకున్నాను కానీ, చెయ్యి హ్యాండిల్‌ని వదిలితేగా!

ఆసుపత్రికి చేరేసరికి నాయనమ్మ కంట్లో చుక్కలు వేయించుకుని, పచ్చ బట్టల్లో బల్ల మీద కూర్చునుంది. "తోడు ఎవరు?" అని నర్సు అడిగితే "నేనే" అన్నాను, హెల్మెట్ తీయకుండానే. "ఓ, బస్సులో పోయే మనవడు మీరేనా?" అందామె. బల్ల మీదున్న ముసలివాళ్ళందరూ ఆ మసక కళ్ళతోనే నన్ను చూడటానికి ప్రయత్నించారు. ఆపరేషన్ బాగా జరిగింది. మాస్టారు కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ తర్వాత రోజూ స్టాఫ్‌రూములో, కాఫీనా టీనా అన్నంత మామూలుగా, "ఇవాళ బండా, బస్సా?" అని అడిగేవారు. బండి అని నిజంగా చెప్పగలగడానికి నాకు ఇంకొన్ని వారాలు పట్టింది. ట్రాక్టర్ కనపడితే మాత్రం వెనక ఎవరైనా కూర్చున్నారేమోనని ఇప్పటికీ చూస్తాను.

ఎండలు ముదిరాక నాయనమ్మ పెనుగంచిప్రోలు గుడికి తీసుకెళ్ళమంది, బండి మీదే. చూపు బాగా వచ్చింది, దారిలో ప్రతి బోర్డూ గట్టిగా చదువుతూ కూర్చుంది. హైవే ఎక్కాం. మొదటి లారీ పక్క నుంచి పోగానే చదవడం ఆగిపోయింది. రెండోది పోయేసరికి ఆవిడ వేళ్ళు నా భుజంలోకి దిగాయి. చాలాసేపటికి చెవి దగ్గర చిన్న గొంతుతో అడిగింది.

"ఒరేయ్, ఆ రోజు కూడా ఇవన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయి నాయనమ్మా."

ఇంకో లారీ పోయింది. "అయితే నువ్వు భయపడింది న్యాయమేరా," అంది. "కొంచెం మెల్లగా పోనీ."

వేగం తగ్గించి, తెల్లగీత అవతలికి వచ్చి, ఆ రోజు పోయినంత మెల్లగా పోనిచ్చాను. వెనక నుంచి వచ్చిన ఒక కుర్రాడు మమ్మల్ని చూసి నవ్వుకుంటూ దాటి వెళ్ళాడు. నవ్వుకోనీ అనుకున్నాను. బస్సులో హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్న ఆనాటి బుల్లెట్ సారు పక్కన నేనే ఒక్కసారి కూర్చుని, నవ్వుకోనీ అని చెప్పి ఉంటే, పాపం ఎంత తేలికపడి ఉండేవాడో.