మున్నేటి ఒడ్డున కార్బన్ బ్రష్షులు

దగ్గరకు జరిగి కూర్చోండి, ఫ్యాను చప్పుడుకు నా మాట వినపడదు. నేను మిలిటరీలో బండ్ల మెకానిక్కుగా ఉన్నప్పటి వరద డ్యూటీ సంగతి ఇది.

తెల్లవారేసరికి నందిగామ చేరాం. లారీలు మమ్మల్ని దింపి కీసర వైపు వెళ్ళిపోయాయి. మాకు మిగిలింది ఒక వైర్‌లెస్ జీపు, ఒక మోటారు పడవ. వాన తెరిపివ్వలేదు. మున్నేరు ఒడ్డు దాటి పత్తి చేల మీదకు వచ్చేసింది. మాది జగ్గయ్యపేట. గంట దారి కూడా లేదు. కానీ రోడ్డు మునిగింది, ఇంటి కబురు తెలియదు. నా కాలు ఒకచోట నిలవలేదు.

ఏటి అవతల పెంకుటిళ్ళ మీదకెక్కిన జనాన్ని తెమ్మని సుబేదారు గారు పడవ హవల్దారును పంపారు. ఒడ్డు నుంచి అతనికి కబురు చెప్పేది జీపులోని వైర్‌లెస్ సెట్టే. కాసేపటికి ఆపరేటరు కేకేశాడు. గుంటూరు వైపు కుర్రాడు.

“అన్నా, ఎర్రలైటు ఆరట్లా. బ్యాటరీకి చార్జింగ్ ఎక్కట్లేదు. సెట్టు పోయిందంటే పడవోళ్ళకి దిక్కెవరు?”

ఇంజను ఆపి, బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించే ఆల్టర్నేటరు విప్పాను. కార్బన్ బ్రష్షులు గోరంత మిగిలాయి. లోపల తిరిగే రాగి రింగులకు అవి ఆనితేనే కరెంటు పుడుతుంది. మా దగ్గర స్పేర్లు లేవు.

రోడ్డు పక్కనే ఒక శెట్టిగారి ఇల్లు, షెడ్డులో అంబాసిడర్ కారు.

“మీ కారు బ్యాటరీ ఇస్తారా అండీ?”

“అది చచ్చిందయ్యా. డ్రైవరు రోజూ నాచేత తోయించి నా పరువు తీస్తన్నాడు. నీకేం కావాలో పీక్కో!”

కారు ఆల్టర్నేటరు విప్పి చూశాను. దాని బ్రష్షులు నిండుగా ఉన్నాయి, కానీ మందం ఎక్కువ. వరండాలోని నాపరాయిని పొడిగా తుడిచి దాని మీద రుద్దాను. ఎక్కువ అరిగితే లోపల ఊగుతాయి, తక్కువైతే పట్టేస్తాయి. రుద్దడం, పెట్టి చూడడం. వాళ్ళ కిరోసిన్ స్టవ్వు మీద కడ్డీ కాల్చి వైర్లకు టంకం వేశాను. రింగులను గరుకు కాగితంతో మెరిసేదాకా తుడిచాను.

మూత వేసేటప్పుడు స్ప్రింగులు బ్రష్షులను ముందుకు తోస్తాయి. మా వైపు షెడ్లలో వెనక బెజ్జంలోంచి చీపురు ఈనె దూర్చి వాటిని ఆపుతాం. మూత బిగించాక ఈనె లాగేస్తాం.

“మిలిటరీకి మా చీపురు కావాల్సొచ్చిందా!” అని నవ్వుతూ శెట్టిగారి భార్య ఒక ఈనె ఇచ్చింది. వానకు మెత్తబడిన ఈనె. లాగితే సగం లోపలే విరిగింది. అంతలో జీపులోంచి ఆపరేటరు మళ్ళీ కేకేశాడు.

“అన్నా, సెట్టు గొంతు నూతిలోంచి వస్తంది. పైనుంచి ఇంకో ఉరవడి వస్తందంట. పడవకి చెప్పాల!”

మళ్ళీ విప్పాను. ఈసారి ఆవిడ గట్టి ఈనె ఏరి, కొబ్బరినూనె రాసి ఇచ్చింది. అది సాఫీగా వచ్చేసింది. జీపును తోశాం. “నాకు అలవాటేగా!” అంటూ శెట్టిగారూ చెయ్యి వేశారు. ఇంజను అందుకుంది. ఎర్రలైటు ఆరింది.

సుబేదారు గారు మైకు లాక్కున్నారు. “నీళ్ళొస్తున్నాయి. వెంటనే తిరుగు.”

“ఆడవాళ్ళు, పిల్లలు ఎక్కారు సార్. ఇంటాయన గొడ్లు విప్పబోయి కొట్టాం మీద చిక్కుకున్నాడు. ఆయన్నీ ఎక్కించుకుని వస్తా.”

సుబేదారు గారు ఏటికేసి చూశారు. “వద్దు. తిరుగు.”

మాకు ఒడ్డు నుంచి కనబడుతూనే ఉంది. పడవ తిరిగింది. అందులో ఒక ఆడమనిషి లేవబోతే పట్టి కూర్చోబెట్టారు. కొట్టాం మీద ఆ మనిషి చెయ్యి ఊపలేదు, అరవలేదు. మెల్లగా అటు తిరిగి, పడవకు వీపు పెట్టి కూర్చున్నాడు.

పడవ ఒడ్డుకు తగిలాక ఉరవడి వచ్చింది. పడవలో అందరూ దక్కారు. కొట్టాం ఉన్నచోట నీళ్ళు నున్నగా పారాయి.

నీళ్ళు తీశాక మా ఊరి మీదుగానే వెనక్కి మళ్ళాం. ఇంట్లో అంతా క్షేమమని దారిలో తెలిసింది. ఊపిరి పీల్చుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఆ సెట్టును పలికించింది నా చేతులే. ఇన్నేళ్ళయినా, ఇంట్లో ఎవరైనా నాకు వీపు పెట్టి కూర్చుంటే లేచి వెళ్ళి, భుజం పట్టి ఇటు తిప్పుకుంటాను.

మీ ఇంటిల్లిపాదీ ఎప్పుడూ ఒకే ఒడ్డున ఉండాలి. చల్లగా ఉండండి.