రోశమ్మత్త చెప్పిన సముద్రం

మా టూరు బస్సులో వంట రోశమ్మత్తది. నాకు చుట్టరికం ఏమీ లేదు, నరసరావుపేటలో మా వీధి మనిషి, అంతే. క్వారీలో రాయి పడి భర్త పోయాక పెళ్లిళ్లలో వంట చేసి బతికేది. నేను సెలవుల్లో టూర్లు తిప్పడం మొదలుపెట్టి, వస్తావా అంటే గరిటె పట్టుకుని బస్సెక్కింది. అప్పటినుంచి ఆమె లేకుండా నా బస్సు కదల్లేదు. ఉన్నమాట చెప్పాలంటే జనం నా టూరుకు వచ్చేది ఆమె గోంగూర పప్పు కోసం. ఎత్తిపోతల జలపాతం ఎవరి బస్సులో వెళ్లినా కనిపిస్తుంది.

మా పద్ధతి అన్ని టూరు బస్సుల పద్ధతే. బస్సు ఆగగానే జనం చూడడానికి పోతారు, డిక్కీలోంచి గ్యాసు పొయ్యి, గిన్నెలు దిగుతాయి. వాళ్లు తిరిగొచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉండాలి. అందరూ తిన్నాక గిన్నెలు తోమి పైకెక్కించేసరికి బయల్దేరే వేళవుతుంది. మాచర్ల నుంచి బాపట్ల దాకా రోశమ్మత్త వెళ్లని చోటు లేదు, చూసిన చోటూ లేదు. ఈ సంగతి నాకు తట్టలేదు. నా తలనొప్పులు నాకున్నాయి.

వీధిలో మాత్రం లోకం చూసిన మనిషంటే రోశమ్మత్తే. వడ్డించేటప్పుడు జనం చెప్పుకునేవన్నీ చెవిన వేసుకునేది. ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని అవే చెప్పేది. అమరావతి స్తూపం ఎలా ఉంటుందో, కొండవీడు కొండ మీద చెరువులు ఎలా ఉంటాయో, సూర్యలంకలో అలలు ఎంతెత్తు లేస్తాయో కళ్లకు కట్టినట్టు చెప్పేది. నువ్వు చూశావా అని ఎవరూ అడగలేదు, చూడలేదని ఆమె కూడా అనలేదు. అందరికంటే నోరు తెరుచుకుని వినేది పక్కింటి బీబీ. భర్త అబ్దుల్ మజీద్ మెకానిక్కు, ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. ఇద్దరూ ఒకరి ఇంట్లో కూర ఇంకొకరు తినేంత స్నేహం.

మొన్న దసరా సెలవులకు ఆ బీబీ నా బస్సులో సీటు తీసుకుంది. "రోశమ్మక్క పక్కనుండి అన్నీ చూపిచ్చుద్ది" అని వీధంతా చెప్పుకుంది. రోశమ్మత్త నన్ను పక్కకు పిలిచింది.

"అబ్బాయ్, సీట్లు అయిపోయినయ్యని చెప్పగూడదా?"

"ఏందత్తా, నీ పక్కింటామె వస్తంటే సంతోషపడాల్సింది పోయి!" అన్నాను.

ఎత్తిపోతల దగ్గర పప్పు ఉడకలేదని తప్పించుకుంది. అమరావతిలో మోకాలు నొప్పి అంది. కొండవీడులో దొరికిపోయింది.

పెద్ద బస్సును నేను ఘాట్ రోడ్డు ఎక్కించను. కింద ఆపి ఆటోల్లో పంపిస్తాను. బీబీ కూడా అందరితో వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆమె మొహం కందగడ్డలా ఉంది. నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చింది.

"అక్కా, కొండెక్కితే సముద్రం కనపడుద్దన్నావు గదా. ఎటుపక్క కనపడుద్దని అడిగితే బస్సులోవాళ్లంతా నన్ను చూసి నవ్వారు. అసలు నువ్వు ఎప్పుడన్నా ఈ కొండెక్కావా?"

రోశమ్మత్త తలెత్తలేదు. "లేదే" అంది.

"పోనీ, సముద్రం చూశావా?"

"అదీ లేదు."

ఆ సముద్రం మాట ఎప్పుడో ఒక టూరులో, శ్రీనివాసరావు అనే మాస్టారు మజ్జిగన్నం తింటూ పక్కాయన్ని ఆట పట్టించడానికి అన్నది. నేనూ విని నవ్వాను. రోశమ్మత్త నిజమనుకుంది.

"మా అత్తగారోళ్ల ఇంట్లో గూడా నీ పేరు చెప్పి గొప్పలు పోయాను గదక్కా" అని బీబీ వెళ్లి వెనక సీట్లో కూర్చుంది. ఆ పూట రోశమ్మత్త అందరికీ వడ్డించి, తాను మాత్రం మెతుకు ముట్టలేదు. ఆమెకు పోయింది పరువొక్కటే కాదు, బీబీ కూడా.

మర్నాడు సూర్యలంక. సరుగుడు చెట్ల కింద పొయ్యి పెట్టాం. జనం నీళ్లలోకి పరుగులు తీశారు. ఎసట్లో బియ్యం పోసిన కాసేపటికి బీబీ వచ్చింది, మోకాళ్ల దాకా చీర తడిసి. కోపం పూర్తిగా పోలేదు గానీ, అలా ఒంటరిగా పొయ్యి ముందున్న మనిషిని చూస్తే జాలేసినట్టుంది. పక్కన చతికిలబడింది.

"అక్కా, సముద్రం ఎట్టుందంటే..."

"చెప్పమాకే" అంది రోశమ్మత్త. "నువ్వు చెబితే నేను మళ్లా ఇంకోళ్లకు చెబుతా."

గరిటె బీబీ చేతిలో పెట్టింది. కొంగు నడుముకు దోపుకుని ఇసకలో పడి నడిచింది.

"అత్తా! అన్నం పొయ్యి మీదుంది!" అని అరిచాను. వెనక్కి తిరగలేదు. నాకు ఒళ్లు మండింది. కాసేపు చూసి వెనకే వెళ్లాను, నాలుగు మాటలు అందామనే.

నీళ్లలో పిక్కల దాకా దిగి నిలబడి ఉంది. కాళ్ల వైపే చూస్తోంది. బూట్లు తడవకుండా ఒడ్డునే ఆగి కేకేశాను.

"అత్తా, జనం ఆకలితో వస్తన్నారు!"

"అబ్బాయ్" అంది నా వైపు చూడకుండానే. "అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసక లాక్కుపోతంది. ఇంతమంది ఇన్నేళ్లు చెప్పారు గదా, ఈ ముక్క ఒక్కళ్లూ చెప్పలేదేంది?"

నాకు సిగ్గేసింది. బస్సు దగ్గరికి వస్తే అప్పటికే జనం పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. ఏందయ్యా గోపీనాథ్, భోజనం ఎప్పుడని ఒకాయన గొంతు పెంచాడు.

"ఆలస్యమవుద్ది. రోశమ్మత్త సముద్రం చూస్తంది" అన్నాను.