మిరపకాయల మధ్య నా డెమో క్లాసు

క్లౌడ్ కంప్యూటింగ్ అంటే ఏమిటో ఇవాళ మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఫోన్ పోయినా ఫోటోలు పోవనీ, అవి ఎక్కడో భద్రంగా ఉంటాయనీ, కొత్త ఫోన్ కొనగానే మళ్ళీ వచ్చేస్తాయనీ వాళ్ళే మనకి ధైర్యం చెబుతారు. నేను ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరిగిన ఆ రోజుల్లో ఇంత సుఖం లేదు. ఆ సబ్జెక్టు అప్పుడప్పుడే మా వైపు ఇంజనీరింగ్ కాలేజీల సిలబస్‌లోకి వచ్చింది. చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ సరిసమానంగా అర్థమయ్యేది కాదు కాబట్టి క్లాసుల్లో గొడవలుండేవి కావు. ఎం.టెక్. పట్టా చంకన పెట్టుకుని తిరిగే నాకు మాత్రం ఆ సబ్జెక్టంటే ప్రాణం. ప్రాణమంటే మరేం లేదు, దాని నిర్వచనం ఇంగ్లీషులో కామాలతో సహా కంఠతా వచ్చు. (అర్థం సంగతి ఉద్యోగం వచ్చాక తీరిగ్గా చూసుకోవచ్చని నా ఉద్దేశం.)

మాది సత్తెనపల్లిలో పరుపుల కొట్టు. దూది ఏకడం, పరుపులు కుట్టడం మా తాతల నాటి పని. ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేనే. గుంటూరు దారిలో ఉన్న ఒక కాలేజీ వాళ్ళు డెమో క్లాసుకి రమ్మని కబురు పెట్టగానే నాన్న ఆనందానికి పగ్గాల్లేకుండా పోయాయి. డెమో అంటే ఒక రకం పరీక్షేననీ, అందులో నెగ్గితేనే ఉద్యోగమనీ నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. "పిలిచి మరీ పాఠం చెప్పించుకునేవాళ్ళు ఉద్యోగం ఇవ్వకేం చేస్తార్లేమ్మా" అని ఆ సాయంత్రమే మసీదు పక్క టీకొట్టు నుంచి ఎదుటి ఎరువుల కొట్టు దాకా అందరికీ లడ్డూలు పంచేశాడు. నాతో మాత్రం ఒక్క మెచ్చుకోలు మాట అనలేదు. నా గొప్పతనం గురించి ఊరందరికీ చెప్పేవాడు గానీ నాకు చెప్పే అలవాటు ఆయనకి లేదు. ఇక ఆ ఉద్యోగం రాకపోతే నేను మామూలు నిరుద్యోగిగానే మిగిలిపోతాను, ఊళ్ళో తలెత్తుకోలేనిది నాన్నే. ఆ దిగులుతో నాకు రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు నాన్న తన మోపెడ్ మీద నన్ను కాలేజీ గేటు దగ్గర దింపి, గుంటూరులో పరుపుల గుడ్డ కొనుక్కుని వస్తానని వెళ్ళిపోయాడు. ఆ కాలేజీ చైర్మన్ గారికి రోడ్డుకి అవతలి పక్కనే మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. మా వైపు మిరపకాయల బస్తాని టిక్కీ అంటారు. అందుకని విద్యార్థులు చాటుగా ఆయన్ని టిక్కీల తాత అనేవారు. నేను బోర్డు తుడిచి గొంతు సవరించుకునే సరికి బయట ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడుతో పేలి కరెంటు పోయింది. ప్రిన్సిపాల్ గారు సంతోషంగా సెలవు ప్రకటించబోయారు. టిక్కీల తాత సాగనివ్వలేదు.

"పిల్లకాయలకి సెలవిస్తే సరిపోద్ది. కాయకి సెలవివ్వలేంగా. మన కోల్డ్ స్టోరేజీలో జనరేటర్ నడస్తానే ఉంటది, అక్కడికి పదండి. నువ్వు కూడా రా అమ్మాయ్" అన్నారాయన.

అలా ముందు చైర్మన్ గారు, వెనక నేను, నా వెనక ప్రొజెక్టర్ మోసుకుంటూ ప్రిన్సిపాల్ గారు, ఆయన వెనక క్లాసు మొత్తం రోడ్డు దాటాం. కాయలు దిగే సీజను అది. గదుల మధ్య పొడుగాటి నడవాలో హమాలీలు టిక్కీలు మోస్తున్నారు. లోపల అడుగు పెట్టగానే ఘాటు ముక్కులోంచి నేరుగా మెదడుకెక్కింది. విద్యార్థుల్లో సగం మంది మిరప రైతుల పిల్లలే కాబట్టి వాళ్ళు చలించలేదు. ప్రిన్సిపాల్ గారు మాత్రం తుమ్ముతూ ప్రొజెక్టర్‌ని ఒక టిక్కీ మీద పెట్టారు. అప్పుడు తెలిసింది నాకు, ఆ మందపాటి గోడల వెనక ఫోన్‌కి సిగ్నల్ లేదని. నా స్లైడ్లన్నీ పెట్టింది క్లౌడ్‌లోనే. (ఆ సబ్జెక్టు మీద నాకున్న నమ్మకం అలాంటిది.) ఇక నోటితో చెప్పడం తప్ప గత్యంతరం లేకపోయింది.

నిర్వచనం మొదలుపెట్టాను. మొదటి కామా దగ్గర తుమ్మొచ్చింది. కంఠతా పట్టిన చదువుతో చిక్కేమిటంటే మధ్యలో తెగితే మళ్ళీ మొదటి నుంచే అందుకోవాలి. అందుకున్నాను, సరిగ్గా ఆ కామా దగ్గరే మళ్ళీ తుమ్మాను. మళ్ళీ మొదలుపెట్టేసరికి విద్యార్థులు నాతోపాటు వల్లించడానికి సిద్ధమయ్యారు. లడ్డూలు తిన్నవాళ్ళ మొహాలన్నీ వరసగా కళ్ళ ముందు కనపడ్డాయి.

"అది ఆపమ్మా. నేను పదో క్లాసు దాకానే చదివా. ఆ క్లౌడ్ ఏంటో నాకర్థమయ్యేట్టు చెప్పు చాలు" అన్నారు టిక్కీల తాత.

నేను ముక్కు తుడుచుకుని చుట్టూ చూశాను. ఎటు చూసినా టిక్కీలే. "ఇదేనండీ" అనేశాను, వేరే ఏమీ తోచక.

"ఏది?"

"మీ కోల్డ్ స్టోరేజీయేనండి. ప్రతి రైతూ ఇంట్లో ఒక చల్లటి గది కట్టుకోలేడు కదా. మీరు కట్టారు, వాళ్ళు వాడుకున్నంత మేర అద్దె ఇస్తారు. పంట ఎక్కువొస్తే ఎక్కువ చోటు, తక్కువొస్తే తక్కువ. క్లౌడ్ కంపెనీలు కూడా అంతేనండి. పెద్ద పెద్ద కంప్యూటర్లు వాళ్ళు పెడతారు, మనం అద్దెకి వాడుకుంటాం."

"అంటే నా లెక్కలన్నీ తీసుకెళ్ళి ముక్కూమొహం తెలీనోడి దగ్గర పెట్టమంటావ్."

"ఇక్కడ టిక్కీలు పెట్టిన రైతులందరికీ మీ ముక్కూమొహం తెలుసా అండీ?"

హమాలీలు మోత ఆపి నవ్వారు. చైర్మన్ గారు నవ్వలేదు. నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను.

"తాళం ఎవరి దగ్గరుంటది?" అన్నారాయన.

"గోడౌన్ వాళ్ళదండి, మీ గది తాళం మీ దగ్గరే. ఆ తాళమే పాస్‌వర్డు. దాన్ని మీరు ఊరందరికీ చెప్పుకుంటే మాత్రం వాళ్ళ పూచీ లేదు."

అక్కడి నుంచి నా నోటికి అడ్డులేకుండా పోయింది. క్లౌడ్‌లో మూడు రకాలున్నాయని చెప్పాను. చోటు మాత్రం అద్దెకి తీసుకుని మిగతా పనులన్నీ మనమే చేసుకోవడం ఒకటి. కాయలు ఆరబెట్టే కల్లం, కింద పరిచే పట్టాలు, తొడిమలు తీసే మనుషులు అన్నీ వాళ్ళవే అయి, కాయ మాత్రం మనం తెచ్చుకోవడం రెండోది. ఇవేవీ పట్టించుకోకుండా ప్యాకెట్ కారం కొనుక్కుని కూరలో వేసుకోవడం మూడోది. మనం రోజూ వాడే ఈమెయిల్ ఈ మూడో రకమే అన్నాను. ఇన్నాళ్ళూ నేను వల్లించిన కామాలకి అర్థం నాకు ఆ టిక్కీల మధ్యే తెలిసొచ్చింది. చైర్మన్ గారికి మాత్రం మూడో రకం మింగుడు పడలేదు.

"గుంటూరు గాలి పీలుస్తా ప్యాకెట్ కారం కొనేవాళ్ళున్నారా?" అని అందరినీ నిలదీశారు. ప్యాకెట్ కారం వాడే ప్రిన్సిపాల్ గారు తల దించుకున్నారు.

చివరికి టిక్కీల తాత లేచి, "సోమవారం నుంచి వచ్చెయ్ అమ్మాయ్. ముందా ముక్కు తుడుచుకో" అన్నారు.

నేను గాల్లో తేలుతూ గేటు దగ్గరికి వచ్చాను. నాన్న గుడ్డల మూట మోపెడ్‌కి కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నా కళ్ళు మంకెన పూలలా ఉన్నాయి, ముక్కు కారుతోంది, గొంతు పూడుకుపోయింది. క్లాసు ఎక్కడ జరిగిందో ఆయనకి తెలియదు. నన్ను చూడగానే ఆయన మొహం వాడిపోయింది.

"నాన్నా, అది..." అని తుమ్మాను.

"ఏం మాట్లాడమాక. బండెక్కు" అన్నాడు.

బండి ఊరి దారి పట్టాక, వెనక్కి తిరగకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు. "లడ్డూల గురించి బెంగపడమాకమ్మా. ఎవరన్నా అడిగితే, నా కూతురు అంత చదువు చదివినందుకు పంచానని చెప్తా. అందులో అబద్ధం లేదుగా. మన ఇంట్లో దూది తప్ప పుస్తకం పట్టినోళ్ళు లేరు. నువ్వు పట్టావు. రాత్రిళ్ళు నువ్వు చదువుకుంటా ఉంటే, కొట్టు కట్టేసొచ్చి వాకిట్లో కూర్చుని వినేవాణ్ణి. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా బాగుండేది."

నాకు అప్పటికి తుమ్ములు తగ్గాయి, గొంతు కూడా తేరుకుంది. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ నేను ఆయన వీపుకి తల ఆనించి మాట్లాడకుండా కూర్చున్నాను. ఆయన చెబుతూనే ఉన్నాడు. ఊరి పొలిమేరలో, ఇక ఉండబట్టలేక చెప్పేశాను. నాన్న బండి ఆపేసి, "ఆ మాట ముందే చెప్పొద్దూ" అని కసిరాడు. తర్వాత మామూలు నాన్న అయిపోయి, ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు.

ఇప్పుడు ఆ కాలేజీలో డెమో క్లాసులు చూసి మంచీ చెడూ చెప్పే కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. నాన్న ఈ మధ్య చాలా తక్కువ మాట్లాడుతున్నాడు. ఆ దారిన బస్సులో వెళ్తున్నప్పుడల్లా మోపెడ్ వెనక కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. మా ఊరు ఇంకాస్త దూరంలో ఉంటే బాగుండేది, ఆ పిల్ల ఇంకొంచెం సేపు ఏమీ చెప్పకుండా కూర్చునేది.