చొక్కా జేబులో రేవు చేరిన లారీ

నిండు లోడు మిరపకాయల లారీని చొక్కా జేబులో పెట్టుకుని రేవు దాకా మోసిన ఘనుణ్ణి నేను. నవ్వండి, కాని చివరిదాకా చదివి నవ్వండి.

రేవు గేటు ముందు లారీలు ఇంజన్లు ఆర్పకుండా రోజంతా బారులు తీరడం అన్యాయమని కళాశాల చర్చాపోటీల నాటి నుంచీ వాదిస్తున్నాను. ఉద్యోగంలో చేరాక అందుకు విరుగుడుగా ఒక యాప్ తయారుచేశాం. అది ప్రతి లారీకీ ముందే ఒక వేళ కేటాయిస్తుంది. ఆ వేళకు లారీ రాగానే గేటు దానంతటదే లేస్తుంది. తొలి పరీక్షకు జగ్గయ్యపేటలోని మా యోహాను బాబాయి లారీని ఎంచుకున్నాను. దాని జాడ తెలిపే బాధ్యత నా ఫోనుది, కాబట్టి నేనూ అదే లారీ ఎక్కాను. సాయంత్రంలోగా సరుకు లోపలికి చేరితేనే ఓడ ఎక్కుతుంది. ఎక్కితేనే మిర్చి వ్యాపారి బాబాయికి ఏడాది పొడవునా లోడ్లు ఇస్తానన్నాడు.

కీసర దగ్గర టీకి ఆగాం. బాబాయి తాగేసి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను మాత్రం కోదాడ డ్రైవరు సైదులుతో వాదనకు దిగాను.

“ఇంజన్ బంద్ చేస్తే లైన్ల ఎనకబడ్తం తమ్మీ,” అన్నాడతను.

“అసలు లైనే లేకపోతే, అన్నా?” అంటూ, వేదిక మీద బల్ల చరిచే అలవాటు కొద్దీ పక్కనున్న లారీని రెండుసార్లు చరిచాను. అది బాబాయి లారీ. లారీల లోకంలో రెండు చరుపులకు ఒక్కటే అర్థం: పోనివ్వు. ఆయన పోనిచ్చాడు! ఫోన్ చేస్తే ఎత్తడు. బండి నడుపుతూ ఫోనెత్తకూడదని ఆయనకు బోధించిన మహానుభావుణ్ణి నేనే.

ఎరువుల కోసం రేవుకే వెళుతున్న సైదులన్న తన ఖాళీ లారీలో ఎక్కించుకున్నాడు. రేవు ఇంకా కొంత దూరముందనగా బాబాయే ఫోన్ చేశాడు.

“ఒరేయ్, నా లారీ ఇంకా దార్లోనే ఉందంట్రా! గేటాయన కంప్యూటర్లో చూపిస్తున్నాడు. మరి నేను కూర్చుందేంటి?”

“నీ లారీయే బాబాయ్.”

“నువ్వు నా వెనకాల పరుపు మీద పడుకున్నావనుకున్నా! ఎక్కడ చచ్చావ్?”

“కంప్యూటర్లో నీ లారీ ఎక్కడుందో, అక్కడే.”

మేం చేరగానే గేటు రాజమర్యాదలతో లేచింది. సైదులన్న ఖాళీ లారీ దర్జాగా లోపలికి వెళ్లింది. మిరపకాయలతో బాబాయి బయటే.

“మస్తున్నది తమ్మీ నీ యాప్! అసలు లైనే లేదు!”

దూకి పరుగెత్తాను. “కంప్యూటర్లో మీ లారీ లోపలికి వెళ్లిపోయినట్టుందండి. రెండోసారి కుదరదు,” అన్నాడు గేటు అధికారి.

అప్పుడు నా జీవితంలోకెల్లా గొప్ప ప్రసంగం చేశాను, నాకే వ్యతిరేకంగా. “అయ్యా, యాప్‌ది తప్పు కాదు. లారీ జాడ తెలిపే వస్తువును లారీలో ఉంచక మనిషి జేబులో ఉంచిన నాది తప్పు. నా తప్పుకు బాబాయి లోడు ఎందుకు పోవాలి?”

“మిమ్మల్ని మీరే ఓడించుకున్నారు కదండీ!” అని నవ్వి, గేటును చేత్తో లేపించాడు. మిరపకాయలు ఓడ ఎక్కాయి.

ఇప్పుడు జాడ తెలిపే పరికరం లారీ క్యాబిన్‌లోనే బిగించి ఉంటోంది. గేటు ముందు బారు లేదు, పొగ లేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. బాబాయి ఏడాది పొడవునా లోడ్లు తోలుతున్నాడు. ఇక విజ్ఞులైన పాఠకుల సమక్షంలో నా ప్రమాణం: ఈ జన్మలో మరే రేవులోనూ, మరే గేటు దగ్గరా, నేను లారీగా చలామణి కాను.