బేత్లెహేము నుంచి మామ్మగారి కుర్చీ దాకా

ఒట్టు పెట్టుకోకూడదని మా పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా, ఈ ఒక్కసారికి ఆయన నన్ను క్షమించాలి. ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఆ రోజుల్లో నా మాటంటే జనానికి గురి ఉండేది. పెళ్ళిచూపుల్లో నేను, ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తానంటే బందరులో మా అత్తవారింటిల్లిపాదీ నమ్మేశారు. (గుడివాడలో ఆయిల్ ఇంజన్లు అమ్మే షాపులో పనిచేసేవాణ్ణి. నా పని అమ్మడమే. విప్పడానికి వేరే ఆయన ఉండేవాడు.)

మొదటి క్రిస్మస్‌కి వెళ్తే ఆ ఇంటి ఆచారం తెలిసింది. హాల్లో ఓ మూల ప్లాస్టిక్ ఇటుకలతో బేత్లెహేము కడతారు. తలకో ఇల్లు కట్టాలి, కొత్త అల్లుడైనా సరే. అక్కడి పశువులపాక ముందు నుంచి మామ్మగారి కుర్చీ దాకా తిన్నగా పట్టాలు. మామ్మగారంటే మావయ్యగారి తల్లి. పండగనాడు చర్చి నుంచి రాగానే మొదటి కేకు ముక్క ఆ పట్టాల మీద, కీ ఇస్తే నడిచే రేకు రైలులో ఆవిడ దగ్గరికి చేరాలి. ఆ రైలు పోయిన తాతగారు కొన్నది. అది చేరేదాకా ఆవిడ నోట్లో ఏమీ వేసుకోరు, ఆవిడ తినందే ఇంట్లో ఎవరూ తినరు.

పండగ ముందురోజు మధ్యాహ్నం అత్తయ్యగారూ మా ఆవిడా కేకు పిండి పట్టుకుని బేకరీకి వెళ్ళారు. ఇంజన్ల డాక్టరుకి చెయ్యి ఊరుకోలేదు. కీ తిప్పాను. ఎంత తిప్పినా బిగుసుకోదే! కంగారులో స్క్రూలు విప్పితే లోపల ఖాళీ. స్ప్రింగు ఎగిరిపోయిందనుకుని చాపకింద, బీరువా కింద, ఆఖరికి ఇటుకలతో కట్టిన హేరోదు రాజుగారి కోటలో కూడా వెతికాను. దొరకలేదు. రైలు మళ్ళీ బిగించేసి, మిగిలిన ఇటుకలన్నీ పట్టాలకు అడ్డంగా పేర్చి స్టేషను కట్టేశాను. బండి కదలకపోతే స్టేషన్లో ఆగిందనొచ్చు కదా.

తిరిగొచ్చిన మా ఆవిడ బేత్లెహేములో స్టేషనేమిటంది.

"మరి యేసు పుట్టినప్పుడు ప్రజాసంఖ్యలో పేర్లు రాయించుకోడానికి ఈ ఊరికి అంతమంది ఎలా వచ్చారనుకున్నావు?"

"నడిచొచ్చారు" అంది.

మర్నాడు చర్చిలో ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. పండగపూట పెద్దావిడను పస్తుంచిన అల్లుడని బందరంతా చెప్పుకుంటుందన్న బెంగే. ఇంటికొచ్చాక మావయ్యగారు వంగి, కేకు ముక్క పెట్టెలో పెట్టి, కీ ఇచ్చి, ఎప్పటిలాగే వెళ్ళి తల్లి కుర్చీ వెనక నిలబడ్డారు. (భక్తి అనుకునేవాళ్ళట అందరూ.) నేను సిగ్నల్ పడలేదండీ అనబోతుండగా బండి కదిలింది. లోపల ఏమీ లేదని నా కళ్ళతో చూసిన బండి, నా స్టేషన్ని కూలదోసుకుంటూ వెళ్ళి మామ్మగారి పాదాల దగ్గర ఆగింది. అద్భుతమేననుకుని మోకాళ్ళ మీద పడబోయాను. అప్పుడే కిటికీలోంచి ఎండ పడి పట్టాల మధ్య సన్నటి దారం మెరిసింది. గిలకలదిండిలో వలలు బాగుచేసే నైలాను దారం. దాని రెండో కొస మావయ్యగారి వేలికి చుట్టి ఉంది.

"ఈసారి బరువుగా వచ్చిందేంరా?" అన్నారు మామ్మగారు, కేకు నములుతూ.

"స్టేషను కొత్తది కదమ్మా" అన్నారు మావయ్యగారు.

భోజనాలయ్యాక పెరట్లో చేతులు కడుక్కుంటూ ఆయన నాతో అన్నారు: "స్ప్రింగు పోయి ఆరేళ్ళయిందండీ అల్లుడుగారూ. నాన్నగారి బండి ఆగిపోయిందని అమ్మకి చెప్పలేకపోయాను. మీరు విప్పారని తెలుసు, స్క్రూ ఒకటి వంకరగా బిగించారు. విప్పి చూశారు కాబట్టి మీరింక మావాళ్ళేనండి." అప్పుడు నేను వదిలిన ఊపిరికి పెరట్లో కొబ్బరిచెట్టు ఊగింది.

ఇప్పుడు మామ్మగారూ మావయ్యగారూ లేరు. కుర్చీలో అత్తయ్యగారు కూర్చుంటారు, వెనక నేను నిలబడతాను. కూలగొట్టడానికని ఏటా ఓ స్టేషను కూడా కడుతున్నాం, అదీ ఆచారమైపోయింది.

ప్రతి అక్షరమూ నిజమన్నాను కదా. పెరట్లో మావయ్యగారి మాటలు మాత్రం నేను అల్లినవి. ఆయన ఏమీ అనలేదు. చేతులు తుడుచుకుని, జేబులోంచి ఆ దారం తీసి, కొస నా వేలికి చుట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన అనని మాటలు పూర్తిచెయ్యడానికి, అన్ని కోతలు కోసిన నాకే ఇన్నేళ్ళు పట్టింది.