ఖాళీ చేతులు చూడలేని మా బావ

మా బావకి ఒక జబ్బుంది. పక్కన ఒకరు చెమటోడుస్తుంటే ఇంకొకరు ఖాళీగా కూర్చోవడం ఆయన కంటపడకూడదు. పడిందా, ఈ చేతిలో పని లాగి ఆ చేతిలో పెట్టేదాకా ఊరుకోడు.

ఇంటికి చుట్టాలొస్తే చెప్పులు విప్పకముందే వాళ్ళ చేతికి ఉల్లిపాయలూ కత్తీ వస్తాయి. ఒకసారి పైపు అతకడానికొచ్చిన మనిషి, గమ్ము ఆరేదాకా నిలబడ్డాడు పాపం. అంతే, అతని చేత ఉతికిన బట్టలు మడతపెట్టించాడు. మళ్ళీ ఆ మనిషి మా వీధిలో అడుగుపెట్టలేదు.

"నా పరువు తీశారు కదండీ!" అంది అక్క.

"మడతలు బాగా వచ్చాయా లేదా?" అన్నాడు బావ.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. మా ఆఫీసుకి షేర్ల ధరలు కుంభవృష్టిలా వచ్చిపడుతుంటాయి. ఏది ఎటు పోతోందో ఆ క్షణంలోనే తేల్చి చెప్పాలి. ఒక్క కంప్యూటరుకి అప్పగిస్తే పొద్దుటి కబురు సాయంత్రం చెబుతుంది. కొన్నవాడు ఈలోగా మునిగిపోతాడు. అందుకని గది నిండా కంప్యూటర్లు పెట్టి, లెక్కని ముక్కలు చేసి అన్నిటికీ ఒకేసారి పంచుతారు. ఏది ఖాళీగా ఉందో కనిపెట్టి దాని నెత్తిన పని పడేసే ప్రోగ్రాం బావ రాసిందే. రాసినవాడు అక్కడితో ఆగొచ్చుగా! మనుషుల మీదా మొదలెట్టాడు.

నేనూ అక్కడే చేరడం నా ఖర్మ. కాఫీ కప్పు ఎత్తితే చాలు, మా ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే మేడం పని వచ్చి నా బల్లమీద పడేది.

"ఎప్పుడూ ఆవిడ పనే ఎందుకు బావా?"

"నువ్వు ఊరికే ఉన్నావు కనక."

"కాఫీ తాగుతున్నాను!"

"రెండో చెయ్యో?"

ఇలా ఉండగా మేనేజరు బాంబు పేల్చాడు. ఖర్చు తగ్గించాలట. "సోమవారం చూస్తాను. ఎవరి పని మిగిలిపోయి ఉంటే వాళ్ళు ఇంటికే."

మేడం మొహంలో నెత్తుటిచుక్క లేదు. రోజూ మాటిమాటికీ ఫోను పట్టుకుని మెట్లమీదికి పోయేది ఆవిడే మరి.

సోమవారం మేనేజరు జాబితా తెరిచి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎవరి పనీ మిగల్లేదేంటయ్యా?"

"మిగలనిస్తే నేనెందుకండీ?" అన్నాడు బావ.

మేనేజరు ఆలోచిస్తూ నిలబడ్డాడు. నిలబడ్డాడు కనక ఆయన చేతిలోనూ ఒక పని పెట్టేశాడు బావ. అది ముగిసేసరికి ఆయన చొక్కా చెమటకి తడిసింది. "ఇంత పనుంటే మనుషుల్ని తియ్యమంటారేంటండీ!" అని పైవాళ్ళమీద ఫోనులో ఆయనే విరుచుకుపడ్డాడు.

మేడం భర్త మంచాన పడ్డాడనీ, మందులు వేసుకున్నాడో లేదో అడగడానికే ఆ ఫోన్లనీ ఆ రోజే తెలిసింది నాకు. అంతవరకూ ఆఫీసులో ఒక్క బావకే తెలుసట. సరాసరి బావ దగ్గరికెళ్ళాను.

"ముందే చెబితే నేనే చేసేవాణ్ణిగా బావా!"

"చెబితే జాలిపడి చేస్తావు. జాలి రెండు వారాలు కూడా నిలవదురా. తిట్టుకుంటూ చేసే పనైతే ఏళ్ళ తరబడి సాగుతుంది."

ఒళ్ళు మండింది. మర్నాడు ఆవిడ పనులు ఇంకో రెండు నామీద పడేశాడు. జాలిపడుతున్నానని అనుకోకుండా, మేడంకి వినబడేలా బావని గట్టిగా తిట్టుకుంటూ చేశాను.