టాప్ ట్రిమ్ అంటే ఏంది?

చాందా బజారులో మాకు బట్టల దుకాణం ఉండేది. చంద్రపూర్ అని బోర్డుల మీద ఉన్నా మా నోళ్లలో అది చాందాయే. చీరలు, జాకెట్ గుడ్డలు ఒక పక్క, అంచులకు కుట్టుకునే లేసులు, జరీ గోటు ఇంకో పక్క. పగలంతా వాటిని కొలిచి కత్తిరించి ఇవ్వడమే నా పని. సాయంత్రం కాగానే దుకాణం నాన్నకు వదిలి వాచనాలయానికి పోయేవాడిని. మా ఊళ్లో లైబ్రరీని అందరూ మరాఠీలో అట్లాగే అనేవారు. చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక, దుకాణానికి పొట్లాల కోసం వచ్చే పాత వారపత్రికల మీద నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం పూర్తిగా ఆ వాచనాలయం పెట్టిన భిక్షే. అక్కడ చదివింది ఇంటికొచ్చి చెప్పకపోతే నాకు అన్నం సయించేది కాదు. అందుకే చుట్టాల్లో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు.

మా మేనమామ చాందా పక్కనే దుర్గాపూర్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. ఇంటంత బండి అది, నిచ్చెన ఎక్కి క్యాబిన్‌లో కూర్చోవాలి. గని గేటు దాటి ఇంటివాళ్లను రానివ్వరు. అందువల్ల మామ సర్వీసంతా స్టీరింగు మీదే గడిచినా, ఆయన బండి తోలగా మా అత్త ఒక్కసారీ చూడలేదు. "పొద్దుగాల తెల్లగ పోతడు, మాపటికి నల్లగ వస్తడు. నడుమ ఏం జేస్తడో నాకేమెరుక?" అనేది.

మామ రిటైరయ్యేనాటికి వాళ్లుండే గని కాలనీకి కేబుల్ వచ్చింది. అంతకుముందు ఒక్క ఛానెల్ చూసిన టీవీలో ఇప్పుడు దునియా అంతా కనబడేది. మామ కళ్లు కార్ల పందేల మీద పడ్డాయి. నేలకు అంటుకున్నట్టుండే ఎర్ర కార్లు రయ్యిమని మలుపు తిరుగుతుంటే ఆయన కుడికాలు మంచం కోడును తొక్కేది. అంతలో ఎవరో చెప్పారు, నాగపూర్‌లో ఒక గ్యారేజీ ఉందట, అందరూ కొనుక్కునే చిన్న కారునే తీసుకుని, కిందికి దించి, వెడల్పు టైర్లు వేసి, ఇంజను మార్చి, వెనక రెక్క బిగించి, అచ్చం పందెం కారు చేసి అమ్ముతున్నారని.

"కొంట. మీ అత్తను పక్కన కూసోవెట్టుకొని తోల్త. ఒక్కపారి చూడాలె ఆమె," అన్నాడు మామ, ఆ గ్యారేజీ వాళ్ల రంగుల కాగితం నా ముందు పెట్టి. "గిండ్ల మూడు రకాలున్నయట. ఏది మంచిదో చదివి చెప్పురా అల్లుడా."

బేస్ ట్రిమ్, మిడ్ ట్రిమ్, టాప్ ట్రిమ్ అని ఉంది, అన్నిటికంటే ధర టాప్‌కే ఎక్కువ. ట్రిమ్ అన్న మాట నాకు కొత్త. వాచనాలయంలో ఇంగ్లీషు-మరాఠీ నిఘంటువు తీశాను. దాన్ని ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. మొదటి అర్థమే దొరికింది: కత్తిరించడం, కొస కోసెయ్యడం. సంతోషం పట్టలేక నిఘంటువు మూసి, సైకిలెక్కి దుర్గాపూర్ పోయాను.

"మామా, ట్రిమ్ అంటే కోసుడు. టాప్ అంటే కప్పు. టాప్ ట్రిమ్ అంటే కారు కప్పు కోసేసి ఇస్తరు," అన్నాను.

"కోసేటిదానికి పైసలెక్కువనా?" అన్నాడు మామ.

"సెలూన్ల గూడ గంతేగద," అన్నాను.

అత్త వంటింట్లోంచే కేకేసింది. "గుండు కారుల నేనెక్క! చాందా ఎండల కప్పు లేకుంట తిరిగితే నా తలకాయల అన్నం ఉడుకుతది. ఒక్కనివే తిరుగు!"

మామ ముఖం చిన్నబోయింది. అత్త ఎక్కకపోతే ఆయనకు ఆ కారుతో పనే లేదు. చివరకు కప్పున్నదే తీసుకుందాం, నువ్వే చూసి చెప్పు అని అత్తను బతిమాలి ఒప్పించాడు. ముగ్గురం రైలెక్కి నాగపూర్ పోయాం.

గ్యారేజీలో మూడూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. సేఠ్ ఎదురొచ్చి హిందీలో, టాప్ ట్రిమ్ చూపించనా అన్నాడు. "నక్కో, నక్కో! టాప్ కోసేది మాకొద్దు," అన్నాడు మామ చేతులూపుతూ. సేఠ్‌కు అర్థం కాక చివరి కారు దగ్గరికి నడిచి తలుపు తెరిచాడు. ఎర్ర కారు. నల్ల అద్దాలు. పైన నిగనిగలాడుతూ కప్పు.

మామ నావైపు తిరిగాడు. "అల్లుడా, టాప్ ఉన్నది గదరా!"

"ఇంక కోయలేదేమో మామా," అన్నాను.

అని తలుపు దగ్గర వంగి లోపలికి చూశాను. నల్లటి సీట్ల అంచుల వెంబడి ఎర్రటి పైపింగు. తలుపు లోపల, స్టీరింగు చుట్టూ, ఎక్కడ అంచు ఉంటే అక్కడ కుట్టు, మెరుపు. బండి అదే, ఇంజను అదే. తేడా అంతా ఈ సింగారంలోనే.

"మామా, ఇది గోటు," అన్నాను.

అత్త కారు మీద చెయ్యి ఆన్చి విరగబడి నవ్వింది. "దినాం గదే అమ్ముతవ్ గదరా కొడుకా! లేసు దుకాణపోనికి లేసు ఎరుకలేకపాయె!" తర్వాత వాచనాలయానికి పోయి చూస్తే, రెండో అర్థం ఆ కిందనే ఉంది: అంచులకు వేసే అలంకారం.

ఇక కప్పు బెంగ తీరింది కాబట్టి మామ అత్తను టాప్ ట్రిమ్‌లో కూర్చోబెట్టాడు. ఆ సీటు గంపలా లోతుగా ఉంది. అత్త మోకాళ్లు అసలే నొప్పి మీదున్నవి. కూర్చున్నదైతే కూర్చున్నది, లేవలేకపోయింది. మామ రెండు చేతులూ పట్టి లాగితే బయటపడింది. "దినాం నన్ను బాయిలకెల్లి తోడినట్టు తోడుతవా? నాతోని కాదు."

బేస్ ట్రిమ్‌లో మామూలు కారు సీటే ఉంచారు. అందులో హాయిగా కూర్చుంది. మామ మాత్రం ఎర్ర పైపింగు వైపే చూస్తున్నాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత ఆలోచించి ఉండడు. ఆఖరికి సేఠ్ భుజం మీద చెయ్యేసి అన్నాడు: "మేరేకు టాప్, ఇస్కూ బేస్." నాకు టాప్ సీటు, ఈమెకు బేస్ సీటు అని.

సేఠ్ అట్లా కుదరదన్నాడు. బండినంతా కోసి కుట్టినోనివి, ఒక్క సీటు మార్చలేవా అన్నాడు మామ. సేఠ్ నవ్వి సరేనన్నాడు.

అట్లా వచ్చింది దుర్గాపూర్‌కు ఆ కారు. ఎర్ర గోటు గంపలో మునిగి మామ, పక్కన కుర్చీ మీద కూర్చున్నట్టు అత్త. ఆయన కంటే ఆమె జానెడు ఎత్తు. కాలనీ పిల్లలు వెంట ఉరికేవారు. రోడ్డు గుంతలు ముందు ఆమెకే కనబడేవి. "ఇటు దిక్కు, ఇటు దిక్కు!" అని ఆమె అరవడం, ఆయన తిప్పడం.

మొదటి ఆదివారం నన్ను వెనక సీట్లో మడిచి కూర్చోబెట్టుకుని, బజారు దారి కాక గని మట్టిగుట్టల వెనక రోడ్డు పట్టాడు మామ. అత్త ఎన్నడూ ఆ దిక్కుకు రాలేదు. గుట్ట మీదికి ఒక డంపర్ మెల్లగా ఎక్కుతోంది. మామ కారు ఆపి, కిటికీలోంచి మెడ పైకెత్తి వేలు చూపించాడు.

"గదే. గసొంటిదే నేను తోలింది."

అత్త కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. బండి శిఖరం దగ్గర ఆగి, వెనక తొట్టి ఎత్తి మట్టి దులిపింది.

"గంత మీద కూసుంటుంటివా నువ్వు?"

"మరి?"

డంపర్ గుట్ట వెనక్కి దిగిపోయాక మామ గేరు వేశాడు. అత్త ఆయన చేతి మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఉండు. ఇంకోటి రానియ్యి."